లేదు, లేదన్నారు

మా ముత్తాత నిజాం కాలంలో సర్కారీ దవాఖానాలో సర్జన్. అప్పట్లో ఈ ఊళ్లో వైద్యం ఉర్దూలో చెప్పేవారు. ఎముకల పేర్లు, నరాల పేర్లు, జ్వరాల రకాలు అన్నీ ఆయనకు ఆ భాషలోనే వచ్చు. ఆయన కొడుకు, అంటే మా తాత, అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు వెళ్లే దారిలో సొంత దవాఖానా నడిపారు. జాగీర్లు పోయిన తర్వాత కూడా నవాబుల దేవిడీల నుంచి ఆయన కోసం మోటారు వచ్చేది. ఆయన చాయ్ తాగి, షేర్వానీ గుండీలు పెట్టుకుని బయటికి వచ్చేదాకా అది గుమ్మం ముందు ఆగి ఉండేది. పెళ్లిళ్లలో ఆయన వచ్చి కూర్చున్నాకే మొదటి బంతికి విస్తళ్లు వేసేవారని మా నాయనమ్మ చెప్పేది. ఇదంతా గొప్పకు రాయడం లేదు. మేము ఎవరమో తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు కాబట్టి రాస్తున్నాను.

తాతకు ఒక పద్ధతి ఉండేది. రోగిని ఏ ప్రశ్న అయినా ఒక్కసారే అడిగేవారు. తాగుతావా అని అడిగితే, లేదు సాబ్ అని అతను అంటే, ఆ సంగతి అక్కడితో ముగిసేది. నాడి చూసి, నాలుక చూసి తన అనుమానం తాను తీర్చుకునేవారు తప్ప, మనిషి చెప్పిన మాటను అతని మొహం మీదే తిరగేసి అడగడం మర్యాద కాదనేవారు. ఆ పద్ధతి దవాఖానా నుంచి మా ఇంట్లోకి వచ్చింది. మా ఇంట్లో ఎవరైనా లేదు అంటే లేదనే అర్థం. అన్నం తిన్నావా, జ్వరం తగ్గిందా, ఎవరితోనైనా గొడవ పడ్డావా అన్న ప్రశ్నలకు ఒక్కో జవాబే ఉండేది. రెండోసారి అడిగితే అది అవమానం.

మా నాన్న వైద్యం చదవలేదు. ఎందుకు చదవలేదో మా ఇంట్లో ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను. తాత పోయాక దవాఖానా గది చేతులు మారింది. నాన్న అబిడ్స్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరి, జీవితంలో సగం పైగా అక్కడే గడిపారు. దుకాణం యజమాని మొదలు చాయ్ తెచ్చేవాడి దాకా ఆయన్ని ‘డాక్టర్ సాబ్’ అని పిలిచేవారు. మొదట్లో అది మా తాత మీద గౌరవంతో వచ్చిన పిలుపట. తర్వాత తర్వాత అందులో గౌరవం ఎంత మిగిలిందో, వేళాకోళం ఎంత చేరిందో నేను ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను. ఆయన మాత్రం ఆ పిలుపుకు తల పంకించేవారు, అంతే.

నేను రాయదలచింది ఆయన కుడి కన్ను గురించి, మా యూనివర్సిటీలో ఉన్న ఒక విద్యార్థి సొసైటీ గురించి. నా వరకు ఆ రెండూ వేరు కావు.

నాకు ఎంబీబీఎస్ సీటు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు మళ్లీ వెళ్లమని అమ్మ అంది. ఒకసారి రాని సీటు కోసం మళ్లీ చెయ్యి చాపడం నాకు ఇష్టం లేక బీఎస్సీలో చేరాను. మా క్లాసులో చాలామంది నాలాంటివాళ్లే. వైద్యం గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చినవాళ్లు, ఫిజియోథెరపీ వైపో, నర్సింగ్ వైపో, పబ్లిక్ హెల్త్ వైపో పోదామనుకుంటున్నవాళ్లు. వాళ్లంతా కలిసి పెట్టుకున్నదే ప్రీ-హెల్త్ సొసైటీ. గురువారం మధ్యాహ్నం క్లాసులు అయ్యాక జువాలజీ ల్యాబ్ పక్క గదిలో కూర్చునేవారు. గాజు సీసాల్లో పాములు, కప్పలు, వాటి కింద బెంచీలు, ఒక నల్లబల్ల. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు కుట్టించుకున్న తెల్లకోట్లనే కొందరు అక్కడా వేసుకుని వచ్చేవారు. మా తాత బీరువాలో ఉన్న కోటు గుర్తొచ్చి, యాసిడ్ మరకలున్న ఆ కోట్లను చూస్తే నాకు మొదట నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. అక్కడ మాట్లాడే భాష నాకు రాదని తొందరగానే తెలిసింది. అది ఇంగ్లీషు కాదు, తెలుగు కాదు. షుగర్ అనరు, డీఎం అంటారు. బీపీ అనరు, హైపర్‌టెన్షన్ అని కూడా పూర్తిగా అనరు, హెచ్‌టీఎన్ అంటారు. మనిషి కథ అడిగి రాసుకోవడాన్ని హిస్టరీ తియ్యడం అంటారు. క్యాంటీన్‌లో చాయ్ తొందరగా కావాలంటే ‘రెండు చాయ్, స్టాట్’ అని అరిచేవారు. క్యాంటీన్ అతనికి కూడా అది అలవాటై, స్టాట్ అంటే ఎక్కువ చక్కెర అనుకుని అలాగే ఇచ్చేవాడు. ఒకరోజు ఒక సీనియర్ ఎవరో ముసలాయన గురించి ‘పూర్ హిస్టోరియన్’ అంటే, పాపం చరిత్ర మాస్టారు కాబోలు, బీదవాడు కాబోలు అనుకున్నాను. తన జబ్బు సంగతి తాను సరిగ్గా చెప్పలేని రోగిని అలా అంటారని తర్వాత తెలిసింది. ఎవరినీ అడగలేదు. వింటూ ఉండి నేర్చుకున్నాను. అడిగితే నాకు రాదని తెలుస్తుంది.

వాళ్లు నన్ను ‘దొరసాని’ అనేవారు. మా ఇంటి సంగతి నేను చెప్పి ఉండకూడదు. కానీ ఎవరో వైద్యుల కుటుంబాలు ఎవరివైనా ఉన్నాయా అని అడిగితే చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యిని దించలేం కదా.

సొసైటీకి అధ్యక్షురాలు ఫైనలియర్ అమ్మాయి. నల్గొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. అందరం అక్కా అనేవాళ్లం. సన్నగా, గొంతు మాత్రం గట్టిగా ఉండేది. హిస్టరీ ఎలా రాయాలో కొత్తవాళ్లకు ఆమే నేర్పేది. రోగికి ఉన్నవి రాయడం సులువు, లేనివి రాయడంలోనే ఉంది విద్య అనేది. జ్వరం లేదంటే ‘డినైస్ ఫీవర్’ అని రాయాలి. సిగరెట్ తాగనంటే ‘డినైస్ స్మోకింగ్’. నాకు ఆ మాట మొదటిరోజే గుచ్చుకుంది. డినై చెయ్యడం అంటే కాదని బుకాయించడం. మనిషి లేదంటే లేదని రాయొచ్చు కదా, అతన్ని బోనులో నిలబెట్టడం ఎందుకు అని అడిగాను.

అక్క నా వైపు తిరిగింది. “ఆయన అబద్ధమాడిండని కాదు. ఆయన లేదన్నడు, మనం రాసినం. ఉన్నదో లేదో మనకింక తెల్వదు అని ఒప్పుకొనుడు అది.”

ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నాను. కానీ ఒప్పుకోలేదు. ఆ గదిలో ఉన్న అందరిలోకీ నాకు ఒక్కదానికే ఆ మాట తప్పుగా తోచడం, నా పుట్టుకలోని మంచితనమనే అనుకున్నాను.

కొన్ని వారాలకు సొసైటీకి ఒక అవకాశం వచ్చింది. ఒక కంటి ఆసుపత్రిలో విద్యార్థుల్లో ఒకరు సెలవుల్లో డాక్టర్ల పక్కన నిలబడి చూడవచ్చు. ఎవరు వెళ్లాలన్నది సొసైటీయే తేల్చాలి. కొత్తవాళ్లం తలా ఒక హిస్టరీ తీసి, గురువారం అందరి ముందూ చదవాలి. కంటి ఆసుపత్రి కాబట్టి కంటి పరీక్ష కూడా చెయ్యాలి. పేరు చెప్పకూడదు, వయసూ వృత్తీ చెబితే చాలు. నేను నాన్నను ఎంచుకున్నాను. ఆయనకు షుగర్ ఉంది, కళ్లద్దాల మధ్యే బతికారు, ఇంగ్లీషు వచ్చు. ఆయన కన్నా మంచి హిస్టోరియన్ ఎక్కడ దొరుకుతాడు?

మేము అప్పట్లో నాంపల్లిలో ఫర్నిచర్ దుకాణాల వెనక గల్లీలో ఉండేవాళ్లం. ఆదివారం పొద్దున నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఇంట్లో కూతురు అడిగే ప్రశ్నలకు ఇస్త్రీ చొక్కా ఎందుకని అమ్మ నవ్వింది. అమ్మ వాళ్లది బెజవాడ వైపు. వాళ్ల నాన్న ఉద్యోగం మీద ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఇంటి మర్యాదలన్నీ ఆమెకు తెలుసు, వాటిని చూసి నవ్వే హక్కు కూడా ఉందనుకునేది.

నేను ఒక్కొక్కటే అడిగాను. నాన్న ఒక్కొక్కదానికే జవాబు చెప్పారు. షుగర్ ఎప్పటినుంచి, ఏ మాత్రలు, పర్‌హేజ్ ఎలా, అంటే పథ్యం ఎలా పాటిస్తున్నారు. తలనొప్పి లేదు. కంట్లో నొప్పి లేదు. మసక లేదు. తర్వాత సొసైటీ నుంచి తెచ్చిన చార్టు గోడకు తగిలించాను. ఆయన కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చదివారు. ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో చదివారు. పైన పెద్ద అక్షరం నుంచి కింద చీమ తలంత అక్షరాల దాకా ఎక్కడా తడబడలేదు. దుకాణంలో కూడా అంతే. కొనడానికి వచ్చిన గిరాకీ అక్షరాలు చదువుతుంటే నాన్న చార్టుకు వీపు పెట్టి, అతని మొహం చూస్తూ నిలబడేవారు. అతను తప్పు చదివితే వెనక్కి తిరక్కుండానే ‘అది ఎఫ్ కాదు సాబ్, పి’ అనేవారు. చిన్నప్పుడు దుకాణానికి వెళ్లినప్పుడల్లా అది చూసి మురిసిపోయేదాన్ని.

అంతా అయ్యాక కాగితం ఇలా ఇవ్వమన్నారు. ఎడమ చేతిలోకి తీసుకుని, మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివారు. ఒకచోట ఆగారు.

“డినైస్ అని రాసినవేంది?”

అది రాసే పద్ధతి అని చెప్పాను.

“అదాలత్‌ల ముల్జిమ్ డినై చేస్తడు బిడ్డా. నేను నీ ముందట ముల్జిమ్‌నా?”

ముల్జిమ్ అంటే నేరం మోపబడ్డవాడు. ఆయన గొంతు పెంచలేదు. మా నాన్న ఎప్పుడూ గొంతు పెంచరు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి వెళ్లిపోయింది. నేను ఆ కాగితం తీసుకుని డినైస్ అన్న ప్రతిచోటా కొట్టేసి ‘నో’ అని రాశాను. నో పెయిన్. నో బ్లర్రింగ్ ఆఫ్ విజన్. ఆయన మళ్లీ చూసి, ఇప్పుడు సరిగ్గా ఉందన్నారు. నాకూ అప్పుడు సరిగ్గానే అనిపించింది. సొసైటీ తన భాష తాను రాసుకోవచ్చు, మా ఇంటి మనిషి గురించి మా ఇంటి భాషలో రాస్తానని నిర్ణయించుకున్నాను.

గురువారం నా వంతు వచ్చింది. షుగర్ ఉన్న ఒక మధ్యవయసు మనిషి అని మొదలుపెట్టి చదువుతూ పోయాను. నా ఇంగ్లీషు బాగుందని నాకే తెలుస్తోంది. నో బ్లర్రింగ్ అన్న దగ్గర అక్క చెయ్యి ఎత్తింది.

“గా ‘నో’ ఎవరిది? నీదా, ఆయనదా?”

ఆయన చెప్పిందే రాశానన్నాను.

“అయితే ఆయన చెప్పిండని రాయాలె. నువ్వు నో అని రాస్తే, నువ్వు ఆయన కండ్లల్లకెల్లి చూసినట్టు.”

“ఆయన లేదంటే లేదు. ఆయన అబద్ధం చెప్పరు.”

తలలన్నీ నా వైపు తిరిగాయి. రోగి గురించి ఎవరూ అలా మాట్లాడరు. వెనక బెంచీ నుంచి ఒకడు, “దొరగారేమో అక్కా, దొరసానికి నాయిన కావచ్చు” అన్నాడు. నవ్వారు. అక్క నవ్వలేదు. వాణ్ని నోరు మూసుకొమ్మని, నా కాగితంలో వృత్తి అన్న చోట వేలు పెట్టింది. కళ్లద్దాల దుకాణంలో ఎంతకాలంగా ఉన్నాడని అడిగింది. నేను పుట్టకముందు నుంచీ అన్నాను. ఇక దాచడానికి ఏమీ లేదు. ఏ చార్టు పెట్టావని అడిగింది. గోడకు తగిలించి ఉన్నదాన్ని చూపించి, ఇదే, మామూలు ఇంగ్లీషు చార్టే అన్నాను.

ఆమె సుద్ద తీసుకుని, గోడ మీది చార్టు వైపు చూడకుండా, నల్లబల్ల మీద ఇ రాసింది. దాని కింద ఎఫ్, పి. దాని కింద టి, ఓ, జెడ్. అక్కడ ఆగి సుద్ద పక్కన పెట్టింది.

“నాకే ఈడిదాక నోటికొస్తది,” అంది. “ఆయనకు ఏడిదాక వస్తదో.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా బయటికి వచ్చేశాను. వీపు నిటారుగా పెట్టుకునే నడిచాను, ఆ సంగతి నాకు గుర్తుంది. నాకు అప్పుడు నాన్న కన్ను గురించి భయం లేదు. ఆయన్ని అందరి ముందూ దొంగను చేశారన్న కోపం ఒక్కటే ఉంది.

ఇంటికి వెళ్లకుండా అబిడ్స్ వెళ్లాను. దుకాణానికి ఎదురుగా రోడ్డు అవతల బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాను. అద్దాల తలుపు వెనక నాన్న తెల్ల చొక్కా కనిపిస్తోంది. ఆయన ఫ్రేము స్క్రూ బిగిస్తున్నారు. చూడకుండా, వేళ్లతో తడిమి బిగిస్తున్నారు. ఒక గిరాకీ ఆయన కుడి పక్క నుంచి అద్దాలు చాపితే ఆయన తీసుకోలేదు. ఆ మనిషి చెయ్యి అలాగే గాల్లో ఉంది. పక్కనున్న కుర్ర సేల్స్‌మన్ ఏమీ జరగనట్టు నాన్న మోచెయ్యి తాకాడు. అప్పుడు తిరిగి, నవ్వి, తీసుకున్నారు. తర్వాత అదే కుర్రవాడు చీటీ మీది పవర్ నంబర్లు ఆయన చెవి దగ్గరికి వంగి చదివి చెప్పాడు. నాన్న తల ఊపారు. వాళ్లిద్దరికీ అది అలవాటైన పని అని చూస్తేనే తెలుస్తోంది. అక్కడ పనిచేసేవాళ్లందరికీ తెలిసిన సంగతి ఇంట్లో మాకు తెలియదు. బస్సులు వచ్చి పోతూనే ఉన్నాయి. నేను ఎక్కలేదు.

మర్నాడు అక్క దగ్గరికి వెళ్లి, అక్షరాలు లేని చార్టు ఒకటి ఉంటుంది కదా, అది ఇవ్వమన్నాను. చదువు రానివాళ్ల కోసం చేసింది అది. ఒకే ఒక్క ఇ అక్షరం, దాని కాళ్లు ఒకచోట పైకి, ఒకచోట కిందికి, ఒకచోట పక్కకి తిరిగి ఉంటాయి. ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపించాలి. దాన్ని నోటికి పట్టడం కష్టం. అక్క ఎందుకని అడగలేదు. చుట్టి, రబ్బరు వేసి ఇచ్చింది. కావాలంటే తనూ వస్తానంది. వద్దన్నాను.

నాన్న ఆ చార్టు చూడగానే లేచి నిలబడ్డారు. “గిది సదువురానోళ్లది. నాకెందుకు?” అన్నారు. పరీక్షకు కావాలన్నాను. ఒకసారి అయింది కదా అన్నారు. ఇంకోసారి చూద్దామన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చేసరికి గదిలో గాలి మారినట్టయింది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ రెండోసారి అడగరు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. “చూపించండి, ఏమవుతుంది? ఇక్కడ మనమే కదా ఉన్నాం,” అంది.

ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. కూర్చున్నాక ఎడమ కన్ను అరచేత్తో మూసుకున్నారు. కుడి చెయ్యి ఎత్తారు. నేను పై వరుసలో పెద్ద అక్షరం మీద స్కేలు పెట్టాను. ఆయన కూర్చున్న దూరానికి కూడా అది చేటంత కనిపిస్తుంది. ఆయన చెయ్యి పైకి వెళ్లింది, ఆగింది, పక్కకి తిరిగింది. మళ్లీ పైకి వెళ్లింది. నా మొహం ఎటు ఉందో, అందులో ఏముందో వెతుకుతున్నట్టు నా వైపు తిరిగారు. గిరాకీల మొహాలు చూసి చూసి ఆయనకు అదే అలవాటు. నేను మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. కనపడనిచ్చినా ఆయనకు కనపడేది కాదు.

చెయ్యి దించేశారు. “కుడి దిక్కు పొగ పట్టినట్టుంటది,” అన్నారు. “ఎన్నడి సందో యాదికి లేదు.”

అమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నేను చార్టు గోడ మీంచి తీసి చుట్టాను. అప్పుడు ఆయనే అన్నారు: “కండ్లు కానరానోడు కండ్లద్దాలు అమ్ముతుండంటే, ఆ దుకాణంలకు ఎవడొస్తడు?”

ఆయన భయం అది. దుకాణం పోతుందని, ఆ పిలుపు పోతుందని, మా ముందు పరువు పోతుందని. ఆయన అబద్ధం చెప్పలేదని నేను ఇప్పటికీ అంటాను. మేము రెండోసారి అడగబోమని ఆయనకు తెలుసు. ఆ నమ్మకం మీద బతికారు.

సర్కారు కంటి దవాఖానాకు వెళ్లేటప్పుడు అక్కను నేనే పిలిచాను. వద్దన్నదాన్నే మళ్లీ పిలిచాను. ఆమె పొద్దున్నే వచ్చి మా కోసం ముందే వరుసలో నిలబడి ఉంది. నాన్నను అంకుల్ అంది, కుర్చీ చూపించింది. మా వంతు వచ్చినప్పుడు లోపల ఉన్న యువ డాక్టరు తల ఎత్తకుండానే ఏమిటని అడిగింది. అక్క ఒకే గుక్కలో చెప్పింది. డీఎం ఎన్నేళ్లుగా, కుడి కన్ను చూపు ఎంత, ఎడమ ఎంత, నొప్పి ఉందా, ఎర్రబడిందా. నేను అవమానమనుకున్న భాష అది. డాక్టరు తల ఎత్తి మమ్మల్ని చూసింది. మరో వారం తర్వాత రమ్మనే చీటీ రాయబోతున్నదల్లా ఆగి, ఆరోజే రెటీనా గదికి పంపింది. మా ముందు వెళ్లిన ముసలమ్మ తన కష్టమంతా వివరంగా, అందంగా చెప్పుకుంది. ఆమెకు వారం తర్వాతి చీటీ వచ్చింది. ఈ రెండూ నేను కళ్లారా చూశాను. మాకు మేలు జరిగిందని సంతోషించాలో, ఏమనుకోవాలో ఇప్పటికీ తెలియదు.

రెటీనా గది బయట నర్సు నాన్న పేరు పిలిచి, అటెండర్ ఎవరని అడిగింది. నాన్న నిటారుగా కూర్చున్నారు. మా తాత దవాఖానాలో అటెండర్ ఉండేవాడు. తలుపు తీసేవాడు, కబుర్లు మోసేవాడు.

“అటెండర్ లేడమ్మా,” అన్నారు నాన్న. “నా బిడ్డ ఉన్నది.”

“ఆమెనే అటెండర్, అంకుల్. జర పక్కకు జరగుండ్రి, స్ట్రెచర్ బండి రావాలె.”

నేను లేచి, నేనే అటెండర్‌నని చెప్పి సంతకం పెట్టాను. నాన్న గోడ వైపు చూస్తూ ఉండిపోయారు.

లోపల పెద్ద డాక్టరు కంట్లో చుక్కలు వేసి, కంటిపాప విచ్చుకునేదాకా ఆగి, పరికరం ముందు నాన్న గడ్డం ఆనించి, మామూలుగా అడిగే ప్రశ్నలు అడిగింది. చూపు తగ్గినట్టు ఎప్పుడైనా అనిపించిందా?

“లేదు,” అన్నారు నాన్న.

నేను వెనక నిలబడి ఉన్నాను. అక్క నా పక్కన ఉంది. ఇంట్లో మా ముందు ఒప్పుకున్న మనిషి, ఇక్కడ ముక్కూ మొహం తెలియని ఆమె ముందు మళ్లీ లేదన్నారు. డాక్టరు ఆయన వైపు వింతగా చూడలేదు. కాగితం మీద ఆ మాట రాసుకుంది. డినైస్. రాసి, దీపం సరిచేసుకుని, ఆయన కంట్లోకి చూడడం మొదలుపెట్టింది. చాలాసేపు చూసింది. నా కాగితంలో లాగా నో అని ఉంటే, ఆమె పై పైన చూసి ఊరుకునేదా? ఊరుకునేది కాదేమో. కానీ నేను ఊరుకున్నాను.

కుడి కంట్లో లోపల రక్తం చిమ్మి పాతబడింది, పైన పెరిగిన పొర రెటీనాను లాగేసింది. అందులో చూపు తిరిగి రాదు. ఎడమ కంట్లో కూడా మొదలైంది; లేజర్ చేసి, కంట్లోకి ఇంజెక్షన్లు ఇస్తూ పోతే నిలబడుతుంది. కొంచెం ముందు తీసుకురావాల్సింది అని డాక్టరు మెల్లగా అంది. ఆమె నాతో అనలేదు, అటెండర్‌తో అంది. బయటికి వచ్చాక నాన్న అక్కను పిలిచి, ఎవరి బిడ్డవని, మీ నాయిన ఏం చేస్తాడని అడిగారు. లారీ డ్రైవరని చెప్పింది. మంచిగ చదువు అని దీవించారు. ఆమె వంగి కాళ్లకు దణ్ణం పెట్టింది. అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లే బస్సెక్కి వెళ్లిపోయింది.

తర్వాతి గురువారం సొసైటీలో నాన్న కేసు మళ్లీ చెప్పమన్నారు. అందరూ నేర్చుకోవలసిన కేసు అన్నారు. నిజమే. నేను చెప్పనన్నాను. ఆ కంటి ఆసుపత్రి అవకాశం వెనక బెంచీ అబ్బాయికి వెళ్లింది. సొసైటీ మాత్రం మానలేదు. ప్రతి గురువారం వెళ్లాను, చివరి సంవత్సరం కొత్తవాళ్లకు హిస్టరీ రాయడం నేనే నేర్పాను. డినైస్ అన్న మాట దగ్గరికి వచ్చినప్పుడు అక్క చెప్పినట్టే చెప్పాను. ఒక అమ్మాయి, అలా రాస్తే వాళ్లకు బాధ కలగదా అని అడిగింది. కలుగుతుంది అన్నాను. అయినా రాయాలా అంది. రాయాలన్నాను.

ఇప్పుడు ఆప్టోమెట్రీ, అంటే చూపు పరీక్షించి అద్దాలు రాసే విద్య, చదువుతున్నాను. రోజుకు ఎంతోమంది నా ముందు కూర్చుని మసక లేదు, నొప్పి లేదు అంటారు. నేను ఆ మాటే రాస్తాను. మనసులో మాత్రం తెలుగులో రాసుకుంటాను, లేదన్నారు అని. తెలుగులో అది ఎవరినీ బోనెక్కించదు. కానీ దాన్ని కాగితం మీద రాస్తే ఏ డాక్టరూ చదవరు.

నాన్న దుకాణం మానేశారు. యజమాని మంచివాడే. కౌంటర్ దగ్గర ఊరికే కూర్చోమని, వచ్చేవాళ్లను పలకరిస్తే చాలని ఇంటికి వచ్చి అడిగాడు. నాన్న అతనికి చాయ్ ఇప్పించి, గుమ్మం దాకా సాగనంపి, రానని చెప్పారు. కూర్చోబెట్టి డాక్టర్ సాబ్ అంటే నేను వినలేనని తర్వాత అమ్మతో అన్నారట. ఆయన ఎడమ కంటితో ఇప్పటికీ ఉర్దూ పేపరు చదువుతారు. ఇంజెక్షన్ వేయించుకునే రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుంటారు. కన్ను ఎలా ఉందని నేను అడిగితే బాగుందంటారు. ఇంకోసారి అడుగుతాను. అప్పుడు నా వైపు చూడకుండా నిజం చెబుతారు. మా మధ్య ఇప్పుడు ఆ పద్ధతి నడుస్తోంది. ఆయనకు అది నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

ఇంజెక్షన్లు ఆపకూడదు, మందు మేమే కొనివ్వాలి. అందుకని నాంపల్లి గల్లీలో మేము ఉంటున్న, మా వాటాకు మిగిలిన రెండు గదులను పోయిన ఎండాకాలంలో ముందున్న ఫర్నిచర్ దుకాణం వాళ్లకు అమ్మేశాం. వాళ్లు మధ్య గోడ తీసేసి అందులో పరుపులు పెట్టుకున్నారు.